స్విచ్ కొనాలా, పీఎస్5 కొనాలా? ముందు మీ ఇంట్లో రిమోట్ ఎవరి చేతిలో ఉంటుందో చూసుకోండి

ఆ మధ్య మా బావమరిది ఫోన్ చేసి, "బావా, అరవై వేలు పక్కన పెట్టాను, నింటెండో స్విచ్ 2 తీసుకోనా, సోనీ పీఎస్5 తీసుకోనా, ఈ రెండు గేమ్ కన్సోళ్లలో ఏది పవర్‌ఫుల్లో ఒక్క ముక్కలో చెప్పు" అన్నాడు. ఒక్క ముక్కలో అయితే పీఎస్5. అందులో వాదించడానికి ఏమీ లేదు. కానీ వాడు అడగాల్సింది అది కాదు. వాళ్లది డబుల్ బెడ్‌రూం ఫ్లాటు, హాల్లో ఒకటే టీవీ. సాయంత్రం ఆరున్నర నుంచి మా అత్తయ్య సీరియళ్లు, తొమ్మిదిన్నరకి మామయ్య న్యూస్ డిబేట్లు, ఐపీఎల్ రోజుల్లో అయితే ఇక చెప్పక్కర్లేదు. వీడికి టీవీ దొరికేది రాత్రి పదిన్నర దాటాక, అప్పుడు కాస్త సౌండ్ పెడితే లోపలి గదిలోంచి దగ్గు వినిపిస్తుంది, ఆ దగ్గుకి అర్థం ఏంటో మీకు తెలుసు.

స్విచ్ లాంటి హైబ్రిడ్ కన్సోల్, అంటే టీవీలోనూ చేతిలోనూ ఆడుకునేది, పీఎస్5 లాంటి మామూలు హోం కన్సోల్‌తో పోటీ పడగలదా అని ఎవరు అడిగినా నేను ముందు టీవీ సంగతే అడుగుతాను. గ్రాఫిక్స్ లెక్కలు తర్వాత.

నా దగ్గర రెండు రకాలూ ఉన్నాయి. 2022లో మా పెద్దమ్మ కొడుకు డాలస్ నుంచి వస్తూ తెచ్చిన స్విచ్ ఓఎల్ఈడీ ఒకటి, తర్వాతి ఏడాది దసరాకి కొన్న పీఎస్5 ఒకటి. స్విచ్ 2 నాది కాదు, ఆఫీసులో కొలీగ్‌ది, రెండు వారాలు ఇంటికి తెచ్చుకుని తిరిగి ఇవ్వడానికి మనసు రాక ఇచ్చేశాను. కాబట్టి ఇందులో నేను ఎవరి పార్టీ కాదు, లేదా రెండు పార్టీల్లోనూ ఉన్నాను అనుకోండి.

అసలు హైబ్రిడ్ అంటే ఏది?

స్క్రీనుండి దానికి అటూ ఇటూ రెండు స్టిక్కులుంటే చాలు, ఈ మధ్య షాపుల్లో దాన్ని హైబ్రిడ్ అనేస్తున్నారు. సోనీ వాళ్ల పీఎస్ పోర్టల్‌ని ఎంతమంది "చేతిలో పట్టుకునే పీఎస్5" అనుకుని కొంటున్నారో! 2024 ఆగస్టులో 18,990 రూపాయలకి ఇక్కడ రిలీజ్ చేశారు. ఎనిమిది అంగుళాల స్క్రీను బాగుంటుంది, బటన్లు బాగుంటాయి, కానీ గేమ్ నడిచేది అందులో కాదు, మీ ఇంట్లో ఉన్న పీఎస్5లో. దాని బొమ్మ వైఫై మీద ఇక్కడికి వస్తుంది, అంతే. బయటి దేశాల్లో సోనీ చందా పథకం పీఎస్ ప్లస్‌లో పై ప్లాన్ తీసుకుంటే క్లౌడ్ నుంచి, అంటే గేమ్ కంపెనీ సర్వర్లో నడుస్తుంటే ఇంటర్నెట్ మీద, ఆడుకునే వీలుంది గానీ, సోనీ ఇక్కడ అమ్మే పై ప్లాన్ డీలక్స్, అందులో క్లౌడ్ లేదు. అంటే పీఎస్5 లేని ఇంట్లో పోర్టల్ ఎందుకూ పనికిరాదు. పీఎస్5 ఉండి, టీవీ మాత్రం చేతికి రాని ఇంట్లో మంచి వస్తువే.

2025 అక్టోబరులో వచ్చిన రాగ్ ఎక్స్‌బాక్స్ అలై పేరు చూసి కూడా మోసపోవద్దు. అది మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ కాదు, విండోస్ నడిచే చిన్న కంప్యూటరు. మీ పాత ఎక్స్‌బాక్స్ డిస్కులు దాంట్లో ఆడవు, అకౌంట్‌లో కొన్న గేముల్లోనూ పీసీ వెర్షన్ ఉన్నవే నడుస్తాయి. డాక్ (టీవీకి కలిపే స్టాండు) కొని టీవీకి పెట్టుకోవచ్చు కాబట్టి అదీ ఒకరకం హైబ్రిడే, కాకపోతే వచ్చినప్పుడు అమెరికాలో చవకదాని ధర 600 డాలర్లు, ఖరీదైనది 1000. స్టీమ్ అనే ఆన్‌లైన్ పీసీ గేముల దుకాణంలో ముందే ముప్పై నలభై గేములు కొని పెట్టుకున్నవాళ్లకి అది వేరే లెక్క.

నేను హైబ్రిడ్ అనేది స్విచ్‌నే. ఒకే పెట్టె, డాక్‌లో పెడితే టీవీలో, తీస్తే చేతిలో, గేమ్ ఆగదు. ఈ ఆలోచన నింటెండోకే మొదట వచ్చిందేమీ కాదు. 1995లోనే సెగా అనే కంపెనీ నోమాడ్ అని ఒకటి తీసింది, ఇంట్లో ఆడే తన జెనెసిస్ కన్సోల్ కాట్రిడ్జిలే అందులో పెట్టి చేతిలో ఆడుకోవచ్చు, టీవీకీ కలుపుకోవచ్చు. ఆరు పెన్సిల్ సెల్లు వేస్తే రెండు మూడు గంటల్లో తాగేసేది. ఐడియా ముందే ఉంది, బ్యాటరీయే ఇరవై ఏళ్లు ఆలస్యంగా వచ్చింది.

అమ్మకాల్లో పోటీ ఎప్పుడో అయిపోయింది

2012లో వచ్చిన నింటెండో కన్సోల్ వీయూ గుర్తుందా? మనలో చాలామందికి గుర్తుండదు, తప్పు లేదు, ప్రపంచం మొత్తమ్మీద కోటీ ముప్పై ఐదు లక్షలే అమ్ముడుపోయింది. దానికీ చేతిలో పట్టుకునే స్క్రీన్ ఉండేది, కానీ కన్సోల్ ఉన్న గది దాటి కాస్త దూరం పోతే సిగ్నల్ పోయేది. అటు చేతి కన్సోలూ కాదు, ఇటు పీఎస్4కి సమానమూ కాదు, రెంటికీ చెడ్డ రేవడి. అదే కంపెనీ 2017 మార్చి 3న 300 డాలర్లకి స్విచ్ తెచ్చినప్పుడు ఇది కూడా అంతే అన్నవాళ్లే ఎక్కువ. ఇప్పటికి పదిహేను కోట్లు దాటి అమ్ముడైంది. పీఎస్4 ఆగింది పదకొండు కోట్ల డెబ్బై లక్షల దగ్గర. 2025 జూన్ 5న వచ్చిన స్విచ్ 2 నాలుగు రోజుల్లో ముప్పై ఐదు లక్షలు పోయింది, నాలుగు నెలల్లో కోటి దాటింది.

కాబట్టి కంపెనీల మధ్య పోటీ గురించి అయితే ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ జపాన్‌లో రైళ్లలో వెళ్తూ ఆడుకునే జనం కోట్లలో కొన్నారని మీరూ కొనాలని లేదు కదా.

పవర్ తేడా ఎందుకుంది, టీవీలో ఎంత కనిపిస్తుంది

దీని దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే "వచ్చే మోడల్‌కి సమానం అయిపోతుందిలే" అనే ఆశ చాలామందిలో చూశాను. అవదు. ఎందుకో చిన్న లెక్క చెప్తాను. స్విచ్ 2 బ్యాటరీ 5220 ఎంఏహెచ్, వాట్ల లెక్కలో చూస్తే దాదాపు 20 వాట్ అవర్లు. బరువైన గేమ్ ఆడితే రెండు గంటల్లో అయిపోతుంది, అంటే పది వాట్ల చొప్పున తింటోంది. పీఎస్5 పెద్ద గేమ్ ఆడేటప్పుడు 200 వాట్ల చుట్టూ తింటుంది. అదే పీఎస్5ని ఈ బ్యాటరీకి తగిలిస్తే ఆరు నిమిషాల్లో చస్తుంది. పైగా ఆ రెండొందల వాట్లూ వేడిగా బయటికి రావాలి, అందుకే పీఎస్5 అంత పెద్ద పెట్టె, లోపల అంత పెద్ద ఫ్యాను. ఇంత వేడిని చేతిలో పట్టుకుని ఎవరూ ఆడలేరు. చిప్పులు ఎంత బాగుపడినా ఇటు పక్క బాగుపడినట్టే అటు పక్కా బాగుపడతాయి, మధ్యలో ఉన్న ఈ దూరం అలాగే ఉంటుంది.

డాక్‌లో పెడితే మారదా అంటే, మారుతుంది, కొంత. స్విచ్ 2 గ్రాఫిక్స్ చిప్పు చేతిలో 561 మెగాహెర్ట్జ్‌లో తిరిగితే డాక్‌లో 1007లో తిరుగుతుంది, దాదాపు రెట్టింపు. పాత స్విచ్ డాక్ అయితే ఛార్జింగు, హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ లాంటి పోర్టులు తప్ప ఏమీ లేని ప్లాస్టిక్ డబ్బా. స్విచ్ 2 డాక్‌లో ఫ్యానే పెట్టారు. అయినా అది మూడు టెరాఫ్లాపుల (చిప్పు లెక్కలు చేసే వేగానికి కొలత) దగ్గర ఉంటుంది, పీఎస్5 పదికి పైన, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ నాలుగు. ఈ అంకెల్ని నేరుగా పోల్చకూడదని తెలిసినవాళ్లు అంటారు, నిజమే, కానీ వరస మాత్రం అంతే.

మరి టీవీలో ఎంత కనిపిస్తుంది? ఇక్కడే తమాషా. పాత స్విచ్‌లో తేడా గుడ్డివాడికి కూడా తెలిసేది. 2019లో ది విచర్ 3ని ఆ చిన్న పెట్టెలో ఇరికించారు, చేతిలో 540పి అనే తక్కువ రిజల్యూషన్ దగ్గర ఆడేది, ఆడటమే గొప్ప అనిపించేది, అదే 43 అంగుళాల టీవీలో పెడితే కళ్లజోడు తీసేసి చూస్తున్నట్టు ఉండేది. రెసిడెంట్ ఈవిల్ విలేజ్ లాంటివైతే అసలు అందులో నడవలేక క్లౌడ్ వెర్షన్లుగా వచ్చాయి. ఫిఫా అయితే కొన్నేళ్లపాటు జెర్సీలు, ప్లేయర్ల పేర్లు మాత్రం మార్చి లెగసీ ఎడిషన్ అంటూ అంటగట్టారు.

స్విచ్ 2తో ఆ సిగ్గు చాలావరకు పోయింది. కొలీగ్ దగ్గర తెచ్చినప్పుడు సైబర్‌పంక్ 2077 కూడా ఇచ్చాడు, గేమ్ మొత్తం 64 జీబీ కార్డులోనే ఉంది. నైట్ సిటీలో వాన పడుతుండగా బండి మీద వెళ్తుంటే చేతిలో పట్టుకున్న స్క్రీనులో నాకు నోట మాట రాలేదు. ఎన్విడియా వాళ్ల డీఎల్‌ఎస్‌ఎస్ ఉంది కదా, చిన్న బొమ్మని తీసుకుని పెద్ద బొమ్మగా దిద్దే పద్ధతి, అదే దీన్ని కాపాడుతోంది. అదే రాత్రి టీవీలో పెట్టి, పక్క పోర్టులో పీఎస్5లోనూ అదే వీధి పెట్టి, రిమోట్‌తో అటూ ఇటూ మార్చి చూశాను. పీఎస్5లో దూరంగా ఉన్న బోర్డు మీద అక్షరాలు చదవగలుగుతున్నాను, స్విచ్ 2లో అక్కడ అక్షరాలున్నాయని మాత్రం తెలుస్తోంది. జనం గుంపుగా ఉన్న చోట కదలిక కూడా పీఎస్5లో నూనె రాసినట్టు ఉంటే ఇటు కాస్త పట్టి పట్టి నడిచింది. మా ఆవిడ రెండూ చూసి "ఏంటి తేడా, ఒకటే కదా" అంది. మీరు మా ఆవిడ టైపా, నా టైపా అన్నది మీరే తేల్చుకోండి, మా ఆవిడ టైపు అయితే మీకు చాలా డబ్బు మిగులుతుంది.

గ్రాఫిక్స్ కన్నా అసలు దెబ్బ వేరే చోట ఉంది: కొన్ని గేములు రానే రావు. జీటీఏ 5 పాత స్విచ్‌కి రాలేదు. జీటీఏ 6ని ప్రకటించింది పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్‌లకే. మీరు కన్సోల్ కొనేదే ఆ గేమ్ కోసమైతే ఈ వ్యాసం ఇక్కడ ఆపేసి పీఎస్5 కొనుక్కోండి. ఇటువైపూ అంతే, మారియో కార్ట్, జెల్డా, పోకెమాన్ ఇంకే పెట్టెలోనూ ఆడవు. మా అబ్బాయికి జీటీఏ ఇవ్వలేను, నాకు మారియో ఒక్కటీ సరిపోదు, మా ఇంట్లో రెండు పెట్టెలు ఉండటానికి కారణం అదే తప్ప డబ్బులు ఎక్కువై కాదు.

కరెంటు పోయినప్పుడు

ఇది ఏ రివ్యూలోనూ రాయరు. పోయిన వేసవిలో ఒక గేమ్‌లో చివరి బాస్ దగ్గర నలభై నిమిషాలు కొట్టుకుని, వాడి ప్రాణం ఇంత మిగిలి ఉండగా గాలివాన వచ్చి కరెంటు పోయింది. పీఎస్5, టీవీ రెండూ ఇన్వర్టర్ లైన్ మీద లేవు. కరెంటు వచ్చాక కన్సోల్ సరిగ్గా ఆఫ్ చేయలేదని మెసేజ్, స్టోరేజ్ సరిచూసుకోవడం, మళ్లీ మొదటికి. స్విచ్ డాక్‌లో ఉండగా కరెంటు పోతే టీవీ ఆరిపోతుంది గానీ గేమ్ పోదు. పెట్టె తీసి చేతిలో పెట్టుకుంటే ఆగిన చోటే ఉంటుంది, చీకట్లో దోమలు కొట్టుకుంటూ మిగతాది పూర్తి చేయొచ్చు. ఇన్వర్టర్‌కి పీఎస్5 తగిలించుకోవచ్చు కదా అంటారు, తగిలించుకోవచ్చు, టీవీతో కలిపి మూడొందల వాట్లు లాగేస్తుంది, అప్పుడు ఫ్యాను ఎంతసేపు తిరుగుతుందో ఇంట్లోవాళ్లకి మీరే చెప్పుకోవాలి.

చేతిలో ఆడటం గురించి కూడా అబద్ధాలు చెప్పను. ప్రకటనల్లో చూపించినట్టు మేడ మీద పార్టీలో ఎవరూ స్విచ్ ఆడరు. నేను చేతిలో ఆడిన గంటల్లో తొంభై శాతం మంచం మీదే, మిగతాది విజయవాడ వెళ్లే బస్సులో. స్విచ్ 2 జాయ్‌కాన్‌లతో, అంటే అటూ ఇటూ ఊడదీయగల కంట్రోలర్లతో కలిపి 534 గ్రాములు, పడుకుని ముఖం పైన పట్టుకుంటే పావుగంటకే మణికట్టు చెప్తుంది, నిద్రపట్టి వదిలేస్తే ముక్కు చెప్తుంది. కంపెనీ చెప్పే బ్యాటరీ లెక్క 2 నుంచి 6.5 గంటలు, అందులో పెద్ద అంకె చిన్నచిన్న బొమ్మల గేములకి, చిన్న అంకె మీరు ఆడాలనుకునే గేముకి. పాత స్విచ్ ఓఎల్ఈడీ ఈ విషయంలో నయం, 4.5 నుంచి 9 గంటలు వస్తుంది, రంగులు కూడా స్విచ్ 2 ఎల్‌సీడీ కన్నా నిండుగా ఉంటాయి.

పిల్లలున్న ఇల్లు

సంక్రాంతికి ఊరికి స్విచ్ తీసుకెళ్లాను. అక్కడ టీవీని గోడకి ఎంత ఆనించి బిగించారంటే హెచ్‌డీఎంఐ వైరు దూరే సందు లేదు. సరే అని డాక్ సంచిలోనే వదిలేసి, స్టీలు బియ్యం డబ్బా మూత మీద పెట్టెని వెనక స్టాండుతో నిలబెట్టి, రెండు జాయ్‌కాన్లు ఊడదీసి, అడ్డంగా తిప్పి చెరొకటి ఇద్దరు పిల్లలకిచ్చాను. మారియో కార్ట్ 8 డీలక్స్‌లో స్మార్ట్ స్టీరింగ్ అని ఒకటుంది, ఆన్ చేస్తే బండి వెనక చిన్న యాంటెనా కనిపిస్తుంది, రోడ్డు అంచు దాకా పోయినా దానంతట అదే లోపలికి తిప్పేస్తుంది. ఐదేళ్ల పాప బటన్ నొక్కి పట్టుకుని కూర్చుంది, అంతే, మూడో స్థానంలో వచ్చింది, తానే నడిపాననుకుని సాయంత్రం దాకా ఊరంతా చెప్పుకుంది. పదేళ్ల వాడికి ఆ యాంటెనా సంగతి తెలిసి పెద్ద గొడవ. ఏడంగుళాల స్క్రీను ముందు ఇద్దరికి సరే, నలుగురు చేరేసరికి తలలు గుద్దుకున్నాయి, అది కూడా చెప్పాలి.

పీఎస్5 ఊరికి తీసుకెళ్లలేమా? స్లిమ్ మోడల్ మూడు కిలోల పైచిలుకు, బ్యాగులో పడుతుంది. ఒకసారి తీసుకెళ్లాను కూడా. రెండో కంట్రోలర్ కోసం ఇంకో ఐదారు వేలు పెట్టాలి, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఆడే గేములు కూడా ఇటు తక్కువ. పిల్లలకి నచ్చేవి ఆస్ట్రో బాట్, ఇట్ టేక్స్ టూ లాంటివి ఉన్నాయి, అవి బంగారం, కాకపోతే మొదటిది ఒక్కరే ఆడేది, రెండోది ఇద్దరికీ ఆట వచ్చి ఉండాలి. చిన్నపిల్లల విషయంలో హోం కన్సోల్ హైబ్రిడ్‌తో పోటీ పడలేకపోతోంది, ప్రశ్ననే తిరగేసి అడగాలి ఇక్కడ.

మన గడ్డ మీద ఒక మాట: పుణె వాళ్లు చేసిన రాజీ అనే గేమ్, మన కోటలు, తోలుబొమ్మలాటలు, దుర్గమ్మ కథలతో నిండినది, 2020 ఆగస్టులో ముందు స్విచ్ మీదే వచ్చింది. అది తీసిన దేశంలో స్విచ్ షాపులో అధికారికంగా దొరకదు.

ఇక డబ్బులు, అసలు తలనొప్పి

నింటెండో మనదేశంలో కన్సోళ్లు నేరుగా అమ్మదు. మీకు దొరికేవన్నీ దుబాయ్ నుంచో, సింగపూర్ నుంచో, ఎవరి సూట్‌కేసులోనో వచ్చినవే. అమెరికాలో స్విచ్ 2 ధర 449.99 డాలర్లుగా మొదలైంది, ఇక్కడికి వచ్చేసరికి షాపువాడి దయ. వారంటీ ఉంటుంది అంటాడు, ఏ వారంటీ అని గట్టిగా అడిగితే "మేమే చూసుకుంటాం సార్" అంటాడు. స్టిక్కులు వాటంతట అవే కదిలిపోయే డ్రిఫ్ట్ జబ్బు పాత జాయ్‌కాన్లకి ఎంత ఉండేదంటే 2020లో కంపెనీ ప్రెసిడెంటే క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. స్విచ్ 2లో కూడా అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్కులు పెట్టలేదు. సర్వీస్ సెంటర్ లేని దేశంలో ఇది ఆలోచించాల్సిన విషయం. పీఎస్5 కంట్రోలర్‌కీ ఆ జబ్బు రావొచ్చు, కానీ బిల్లు తీసుకుని వెళ్లడానికి ఒక చోటంటూ ఉంది.

నింటెండో ఆన్‌లైన్ గేముల దుకాణం ఈషాప్ మన దేశానికి లేదు. అకౌంట్‌ని అమెరికా లాంటి దేశం పేరిట పెట్టుకుని, గిఫ్ట్ కార్డులు కొనుక్కుని, వాటితో గేములు కొనాలి. ఒకసారి అలవాటైతే ఏమీ లేదు, మొదటిసారి మాత్రం టెన్షన్.

జపాన్‌లో చుట్టాలున్నవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. అక్కడ స్విచ్ 2 రెండు రకాలు. 2025లో వచ్చినప్పుడు 49,980 యెన్లున్నది చవక, దాన్ని చూడగానే తెచ్చేయమంటారు, కానీ అందులో భాష జపనీస్ ఒక్కటే, జపాన్ అకౌంట్ తప్ప వేరేది ఎక్కదు. అన్ని భాషలున్నది అప్పుడు 69,980 యెన్లు. షాపులో ఎవరైనా స్విచ్ 2 మరీ తక్కువకి ఇస్తున్నాడంటే ముందు ఆన్ చేయించి సెట్టింగ్స్‌లో ఇంగ్లీషు ఉందో లేదో చూడండి.

మెమరీ కార్డు ఇంకో గొయ్యి. కొలీగ్‌కి ఒక దుకాణంలో "ఇదే సార్ దీనికి" అని 256 జీబీ మామూలు మైక్రోఎస్డీ కార్డు అంటగట్టారు. ఇంటికొచ్చి పెడితే గేములు అందులోకి ఎక్కవు, పాత స్విచ్‌లో తీసిన ఫొటోలు, వీడియోలు తెచ్చుకోవడానికి తప్ప. స్విచ్ 2కి మైక్రోఎస్డీ ఎక్స్‌ప్రెస్ అనేదే కావాలి, మామూలు దానికన్నా ధర చాలా ఎక్కువ. లోపల 256 జీబీ ఉంది కదా అనుకుంటే, ఇప్పుడు చాలా కంపెనీలు గేమ్ కీ కార్డులని అమ్ముతున్నాయి, కాట్రిడ్జిలో గేమ్ ఉండదు, తాళంచెవి మాత్రం ఉంటుంది, గేమంతా డౌన్‌లోడ్ చేసుకోవాలి. కాట్రిడ్జి కొన్నామన్న తృప్తీ లేదు, స్థలమూ మిగలదు. డబ్బా ముందువైపు కింది భాగంలో ఆ సంగతి రాసి ఉంటుంది, కొనేముందు చూసుకోండి.

గేముల ధరల దగ్గర నేను కచ్చితంగా సోనీ పక్షం. పీఎస్5లో కొత్త పెద్ద గేమ్ 4,999 పెట్టి వచ్చినా ఏడాది తిరిగేసరికి సేల్‌లో సగానికి వస్తుంది, డిస్కు అయితే ఆడేసి అమ్ముకోవచ్చు, ఫ్రెండ్‌తో మార్చుకోవచ్చు. మా గ్రూపులో నలుగురం ఒక్కో డిస్కు కొని నాలుగేసి గేములు ఆడతాం. నింటెండో గేములు బంగారం బిస్కెట్టుల్లాంటివి, ధర దిగదు. 2017లో 59.99 డాలర్లకి వచ్చిన మారియో కార్ట్ 8 డీలక్స్ ఎన్నో ఏళ్లు అదే ధరకి అమ్ముడైంది, కొత్త మారియో కార్ట్ వరల్డ్ ఏకంగా 79.99. ఒక మంచి మాట ఏంటంటే సెకండ్ హ్యాండ్‌లో అమ్మినా మీకు దాదాపు పెట్టినంత వస్తుంది. రెండేళ్లలో పది గేములు కొనేవాడికి పీఎస్5 చవక, మూడు గేముల్ని పదేపదే ఆడే ఇంటికి స్విచ్ చవక.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఈ లెక్కలో సగం వర్తించదు. అక్కడ కంపెనీయే రిపేర్ చూసుకుంటుంది, ఈషాప్ బాధ లేదు, లైబ్రరీల్లో స్విచ్ గేములు అద్దెకి కూడా కాదు, ఊరికే ఇస్తారు చాలాచోట్ల. అక్కడ ధర మీద ఒక్క మాట: ఆగితే తగ్గుతుందనుకునే రోజులు పోయాయి, 2025 ఆగస్టులో పీఎస్5 ధర యాభై డాలర్లు పెరిగింది, అదే నెల పాత స్విచ్ ధరా పెరిగింది.

మరి ఎవరు ఏది?

హాస్టల్లో, పీజీలో ఉండేవాళ్లు ఆలోచించకుండా హైబ్రిడ్ తీసుకోండి. టీవీ లేదు, టేబుల్ లేదు, ప్లగ్గు పాయింటు ఒకటే, దానికి నలుగురి ఛార్జర్లు. స్విచ్ 2 బరువనిపిస్తే పాత ఓఎల్ఈడీ సెకండ్ హ్యాండ్‌లో చూడండి, పాత గేముల ఖజానా అంతా అందులోనే ఉంది. స్విచ్ లైట్ మోడల్ మాత్రం వద్దు, అది టీవీకి కలవదు, జాయ్‌కాన్లు ఊడవు, దాన్ని హైబ్రిడ్ అనడమే తప్పు.

ఫుట్‌బాల్, క్రికెట్, ఫ్రెండ్స్‌తో ఆన్‌లైన్ కాల్పులు, ఇవే మీ లోకమైతే పీఎస్5. స్విచ్ 2కీ ఇప్పుడు ఫుట్‌బాల్ గేమ్ ఎఫ్‌సీ 26 వచ్చింది, బాగానే ఉంది, కానీ మీ ఫ్రెండ్స్ ఎక్కడున్నారో మీరూ అక్కడే ఉండాలి, ఆడేది మనుషులతో కదా. డిస్కు డ్రైవ్ ఉన్నదే తీసుకోండి, కారణం పైన చెప్పాను.

నాలుగు నుంచి పదేళ్ల పిల్లలున్న తల్లిదండ్రులు స్విచ్. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ గురించి అడుగుతారు కొందరు, చందా కట్టి బోలెడు గేములు ఆడుకునే దాని గేమ్ పాస్ చవకగా ఉన్న రోజుల్లో నేనూ చెప్పేవాణ్ని, ఇప్పుడు చెప్పట్లేదు. మంచి గేమింగ్ ల్యాప్‌టాప్ ఇప్పటికే ఉంటే పీఎస్5 గేముల్లో చాలావరకు మీకు దాంట్లోనే దొరుకుతాయి, అప్పుడు స్విచ్ కొంటేనే కొత్తగా ఏదైనా వస్తుంది.

టీవీ చేతికి రాక, జీటీఏ 6 మాత్రం కావాల్సిన మా బావమరిది లాంటివాళ్ల సంగతేంటి? వాడికి హైబ్రిడ్ చెప్పాలని మొదలుపెట్టి, వాడు ఆడాలనుకునే గేముల పేర్లు రాయమన్నాను. ఆరు పేర్లు రాశాడు, ఐదు స్విచ్ 2లో లేవు. పోర్టల్ చెప్దామంటే వాళ్ల ఫ్లాట్లో వైఫై రౌటర్ షూ ర్యాక్ మీద, వాడి గది ఆ చివర. చివరికి పీఎస్5 స్లిమ్ కొనిపించి, దానితోపాటు 24 అంగుళాల మానిటర్ సెకండ్ హ్యాండ్‌లో ఐదు వేలకి చూసి, వాడి గదిలోనే పెట్టించాను. హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటే చాలు, స్పీకర్లు లేకపోయినా ఫర్వాలేదు, పీఎస్5 కంట్రోలర్ కింద మామూలు ఇయర్‌ఫోన్ పిన్ను పెట్టుకునే రంధ్రం ఉంటుంది, సౌండు అందులోంచి వస్తుంది. దగ్గు బాధ తప్పింది. ఇప్పుడు వాడి కంప్లయింట్ ఒక్కటే, మానిటర్‌కి టేబుల్ వేశాక గదిలో ఇస్త్రీ బట్టలు పడేసుకునే కుర్చీకి చోటు లేకుండా పోయిందట.